ఎనిమిదో రౌండులో వాన

మా ఊళ్లో మొహమ్మద్ అలీ ఆట చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా 1970ల్లో వినగడప కుర్రాళ్లని నిద్రలో లేపి అడిగినా జార్జి ఫోర్‌మన్ ఏ రౌండులో పడ్డాడో, ఏ చేతి దెబ్బకి పడ్డాడో చెప్పేవాళ్లు. పందెం జరిగిన మర్నాడో, ఆ మర్నాడో కబురు వచ్చేది. వచ్చిన నాలుగు లైన్ల కబురుని నాలుగు రాత్రుల కథ చేసే మనిషి ఒకాయన ఊళ్లో ఉండేవాడు. ఆనాటి చాంపియన్లు ఎక్కడికీ పోలేదు, ఫోన్ నొక్కితే వచ్చి ఎదురుగా నిలబడతారు. పోయింది ఆ చెప్పుకోవడం.

మాది ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు, అప్పట్లో కృష్ణా జిల్లా తిరువూరు తాలూకా. గంపలగూడెం పక్కన, కట్టలేరు దగ్గర. ఏరు దాటితే తోటమూల. ఇంకాస్త పోతే ఖమ్మం జిల్లా పొలిమేర. మామిడి తోటలు, మిరప చేలు, పత్తి. వానాకాలం ఏరు చప్టా మీదుగా పారిందంటే బస్సు అవతల గట్టునే ఆగిపోయేది, దాంతోపాటు పేపర్ కట్ట కూడా. ఆ కట్టని తడవకుండా నెత్తిన పెట్టుకుని, నడుంలోతు నీళ్లలో దాటుకొచ్చిన కుర్రాడికి ఆ పూట హోటల్లో టీ డబ్బులు అడిగేవాళ్లు కాదు.

ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర - అన్నీ బెజవాడలో అచ్చయ్యి వచ్చేవే. ఈనాడు బెజవాడ నుంచి రావడం 1978లో మొదలైంది, అది తర్వాతి మాట. ఆటల పేజీలో కిందెక్కడో, వేలెడంత జాగాలో, 'ముష్టియుద్ధం' అని చిన్న శీర్షిక పెట్టి రెండు ముక్కలు వేసేవాళ్లు. గెలిచినవాడి పేరు, ఓడినవాడి పేరు, రౌండు, ఊరు. ఆ ఊరి పేరు ఒక్కో పేపర్లో ఒక్కో రకంగా ఉండేది. పంచాయితీ ఆఫీసు రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేటప్పుడు చివరి నిమిషంలో ఆటల కబుర్లు చదివేవాళ్లు, సరిగ్గా అప్పుడే ఎవరి గేదో అరిచేది.

ఈ ముక్కలన్నీ ఏరుకొచ్చి అతికించే పని మా మావయ్యది. అమ్మకి పినతండ్రి కొడుకు. సికింద్రాబాద్‌లో సైన్యపు ఈఎంఈ విభాగంలో పనిచేసి, బంగ్లాదేశ్ యుద్ధం అయ్యాక పింఛను తీసుకుని ఊరొచ్చేశాడు. ఊరంతా ఆయన్ని 'మిలట్రీ' అనేవాళ్లు. పట్టాలంలో కొత్తగా చేరినవాళ్లని బాక్సింగ్‌కి దింపుతారు. అలా ఆయన కూడా దిగి, ముక్కు కొంచెం వంకర చేయించుకుని, ఆ వంకరతోనే పెళ్లికూడా చేసుకున్నాడు. ఎన్ని పందేలు గెలిచాడో ఎప్పుడూ చెప్పలేదు. ఓడినవి మాత్రం దెబ్బకి దెబ్బ లెక్కతో చెప్పేవాడు.

ఊరొచ్చిన ఏడాదికే ఇంటి వెనక చింతకొమ్మకి గోనెసంచి వేలాడదీశాడు. మేమంతా ఇసక నింపుదామన్నాం. "ఒరేయ్ అల్లుడూ, ఇసక అడుక్కి దిగుద్ది. పైన గాలి, కింద రాయి. నీ చెయ్యే విరుగుద్ది" అన్నాడు. ఊక, చింకి పాతలు పొరలు పొరలుగా కూరించి, మధ్యలో మాత్రం కాస్త ఇసక మూట పెట్టించాడు. పాత పంచె పొడుగ్గా చింపి, మణికట్టు మీద మూడు చుట్లు, బొటనవేలి మీదుగా తిప్పి, వేళ్ల సందుల్లోంచి తీసి, పిడికిలి బిగిస్తే నొప్పి పుట్టకుండా ఎలా కట్టాలో చూపించేవాడు. ఎడం చెయ్యి ముందు, కుడి చెయ్యి గడ్డం దగ్గర. ఎడం చేత్తో పొడిచి వెనక్కి తియ్యాలి, పొడవడం కన్నా వెనక్కి తియ్యడం వేగంగా ఉండాలి. మాకు పొడవడమే వచ్చింది. రెండో రోజుకి కణుపులు వాచి, అన్నం ముద్ద కలపలేక అమ్మ చేత తిట్లు తిన్నాం.

మా తాత తరానికి వస్తాదంటే కోడి రామమూర్తి. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, ఛాతీకి చుట్టిన ఇనప గొలుసులు ఊపిరి పూరించి తెంపి, సొంత సర్కస్‌తో దేశాలు తిరిగిన మనిషి. కలియుగ భీముడు అనేవాళ్లు. తాత కూడా ఆయన్ని చూసి ఉండడు, విని ఉంటాడు. అరుగు మీద తాత గొలుసు తెంపే ఘట్టం చెబుతూ ఊపిరి బిగబడితే, ఇంట్లో ఆడవాళ్లు కంగారుపడి మంచినీళ్లు పట్టుకొచ్చేవాళ్లు. రామమూర్తి పోయింది 1942లో. అలీ పుట్టింది కూడా 1942లోనే, అమెరికాలో లూయివిల్ అనే ఊళ్లో. ఈ రెండు సంవత్సరాలూ ఒకటేనని కనిపెట్టిన రోజున మావయ్య ఊరంతా తిరిగి చెప్పాడు. ఆయన కాషాయం కట్టకపోయినా పునర్జన్మ మీద నమ్మకం గట్టిదే. విశాలాంధ్ర తెప్పించుకునే కమ్యూనిస్టు పార్టీవాళ్ల ఇళ్లల్లో కూర్చుని కూడా అదే వాదన చేశాడు. వాళ్లు నవ్వి ఊరుకున్నారు.

అసలు మా వైపు అలీకి అంత పేరు రావడానికి సగం కారణం ఆ ఇళ్లే. 1967 ఏప్రిల్లో అలీ వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నాడు. టైటిల్ ఊడబెరికారు, అయిదేళ్ల శిక్ష వేశారు, 10 వేల డాలర్ల జరిమానా. అప్పీలు మీద బయటే ఉన్నా, మూడున్నరేళ్ల పాటు, అదీ కాళ్లూ చేతులూ మెరుపులా ఆడే వయసులో, బరిలోకి దిగనివ్వలేదు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. మా వైపు పల్లెల్లో వియత్నాం పేరు తెలియని ఇల్లు తక్కువ, గోడల మీద కూడా రాసి ఉండేది. కాబట్టి అలీ వాళ్లకి బాక్సర్ కంటే ముందు యుద్ధానికి పోనన్నవాడు. తమాషా ఏమిటంటే, ఊళ్లో యుద్ధానికి పోయి వచ్చిన ఒకే ఒక్క మనిషి మా మావయ్య, ఆయనా అలీ పక్షమే. "పోనన్నవాడికి ధైర్యం తక్కువనుకోబాకండి" అనేవాడు. ఆ ఒక్క విషయం మీద పార్టీవాళ్లూ మిలట్రీ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లు.

ఇక కిన్షాసాలో అలీ, ఫోర్‌మన్‌ల పందెం. 1974 అక్టోబరు 30. అమెరికాలో జనం చూసే టైముకి కుదరాలని అక్కడ తెల్లవారుజామున 4 గంటలకి మొదలుపెట్టారు. మన గడియారంలో ఉదయం ఎనిమిదిన్నర. గొడ్లు చేలకి పోయే వేళ. ఆ సంగతి తర్వాత లెక్కగట్టి తెలుసుకున్నాం. అలీ తాళ్ల మీద వాలి దెబ్బలు తింటున్న ఆ గడియలో నేను స్కూల్లో గోడకుర్చీ వేసి ఉంటాను.

పేపర్ వచ్చిన రాత్రి మావయ్య వాళ్ల పశువుల చావిట్లో జనం చేరారు. గొడ్లని బయట కట్టేశారు. నాలుగు గుంజలకి పలుపుతాళ్లు చుట్టి బరి కట్టారు. పెట్రోమాక్స్ లైటు దూలానికి వేలాడుతోంది. మావయ్యకి బుర్రకథ పిచ్చి ఉండేది. మధ్య మధ్య ఆగితే మేం వెనక నుంచి తందాన అనాలి. ముందు ఫోర్‌మన్‌ని ఎత్తుకున్నాడు. వయసు 25. ఆడినవి 40, నలభైకి నలభై గెలుపే, అందులో 37 అవతలివాడిని నిలబడనివ్వకుండా గెలిచినవి. జో ఫ్రేజియర్ అంతటివాడిని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అలీకి 32 నిండాయి. అంతవరకు చెప్పి ఆపాడు.

"అయితే మనోడి పని అయిపోయినట్టే గదా బావా" అన్నారెవరో.

"అట్టాగే అనుకున్నారు బావా, ఊరూవాడా" అని లేచాడు.

పలుపుతాళ్లు కాస్త వదులు చేయించాడు. ఆ దేశంలో ఉక్కకి తాళ్లు సాగిపోయాయని పేపర్లో రాశారట. ఆ తాళ్ల మీదకి వీపు వాల్చి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, మాలో ఇద్దరు గట్టి కుర్రాళ్లని పిలిచాడు. "కొట్టండ్రా." మేం మొహమాటపడ్డాం. "కొట్టమంటంటే!" కొట్టాం. ఆయన తాళ్లతోపాటు వెనక్కి ఊగుతున్నాడు, దెబ్బ చేతుల మీద పడి జారిపోతోంది. నడుమ నడుమ మా చెవిలో "ఇంతేనా? మీ అమ్మ అన్నం పెట్టలా?" అంటున్నాడు. అలీ కూడా అట్టాగే దెప్పాడట. నాలుగో రౌండుకి మాకు ఆయాసం, అయిదుకి చేతులు లేవలేదు. తాళ్ల మీద వాలినవాడు ఎందుకు వాలాడో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత దీన్ని గురించి ఇంగ్లీషులో పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను గాని, వాటిలో నా భుజాల నొప్పి లేదు.

ఎనిమిదో రౌండు. మావయ్య తాళ్ల మీంచి లేచాడు. ఎడం, కుడి, మళ్లీ ఎడం, చివర ఒక్క కుడి. ఆయన చెయ్యి నా చెంపకి బెత్తెడు దూరంలో ఆగింది. ఫోర్‌మన్ వంతు నాది కాబట్టి నేను గుండ్రంగా తిరిగి గడ్డిలో పడాలి. పడ్డాను. సరిగ్గా అప్పుడు ముందే చెప్పి ఉంచిన పిల్లాడు బొక్కెనెడు నీళ్లు మా ఇద్దరి మీదా కుమ్మరించాడు. వాన! కిన్షాసాలో కుంభవృష్టి! జనం ఈలలు. రౌండు ముగియడానికి ఇంకో రెండు సెకన్లు ఉందనగా నేను అవుటయ్యాను. 60 వేల మంది 'అలీ, బొమాయే' అని అరిచారు. చావిట్లో ఉన్న యాభై మందీ అదే అరిచారు. దాని అర్థం 'చంపెయ్ అలీ' అని మావయ్యకి తెలుసు, మాకు చెప్పలేదు. అదేదో స్తోత్రమనుకుని చాలాకాలం ఏరు దాటేటప్పుడు కూడా అరిచేవాళ్లం.

అమెరికాలో మాత్రం అందరూ చూశారా ఏమిటి? అలీ పెద్ద పందేలు ఇళ్లల్లో టీవీలకి ఇచ్చేవాళ్లు కాదు. సినిమా హాళ్లలో తెర మీద వేసి టిక్కెట్టు పెట్టేవాళ్లు. డబ్బుల్లేనివాడు మర్నాడు పేపర్ చూసుకోవాల్సిందే. అంతకుముందు నల్లజాతి చాంపియన్ జో లూయీ కాలమంతా రేడియోదే. 1938లో లూయీ జర్మనీవాడు ష్మెలింగ్‌ని మొదటి రౌండులోనే, రెండు నిమిషాల చిల్లరలో పడగొట్టినప్పుడు, కోట్ల మంది రేడియోల చుట్టూ మూగి విన్నవాళ్లే. నల్లవాళ్ల పేటల్లో రేడియో ఉన్న ఇంటి కిటికీ కింద వీధంతా నిలబడేదట. ఆ సంగతి చదివినప్పుడు అది మా పంచాయితీ ఆఫీసు మెట్లలాగే అనిపించింది.

వినడం పోయి చూడడం రావడానికి కూడా అలీ పందెమే దారి తీసింది. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీ, ఫ్రేజియర్ మూడోసారి తలపడ్డారు. ఆ పందేన్ని హెచ్‌బీఓ అనే కేబుల్ కంపెనీ ఉపగ్రహం ద్వారా తెప్పించి తన చందాదారుల ఇళ్లకి ఇచ్చింది. ఉపగ్రహం మీద దేశమంతా కేబుల్ టీవీ అందించే పద్ధతి అక్కడ అలా మొదలైంది. ఆ ఏడే మన దేశంలోనూ ఉపగ్రహం ద్వారా రెండు వేలకి పైగా పల్లెలకి టీవీ చూపించే ప్రయోగం నడిచింది, ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. మా ఊరు లేదు. ఉంటే ఏం చూపించేవాళ్లు, వరి తెగుళ్లూ కుటుంబ నియంత్రణా తప్ప.

మనీలా పందేన్ని మావయ్య ఆడి చూపించలేదు. కూర్చునే చెప్పాడు. నాకిప్పటికీ అలీ కంటే ఫ్రేజియరే ఎక్కువ ఇష్టం కావడానికి ఆ రాత్రే కారణమేమో. ఫ్రేజియర్ కూలీ రైతు బిడ్డ, దక్షిణ కెరొలినాలో పుట్టినవాడు. చిన్నప్పుడు పంది తరిమితే పడి ఎడం చెయ్యి విరిగింది, వైద్యం లేక వంకరగానే అతికింది. ఆ వంకరచేతి హుక్కే 1971లో అలీని మొదటిసారి ఓడించిన పందెంలో నేల మీద కూర్చోబెట్టింది. ఫిలడెల్ఫియా వెళ్లి కబేళాలో పనిచేస్తూ, ఎవరూ లేనప్పుడు వేలాడే మాంసం మీద పిడిగుద్దులు సాధన చేసేవాడట. అలీ టైటిల్ పోయి తిరుగుతున్న రోజుల్లో ఫ్రేజియర్ అతనికి డబ్బు సాయం కూడా చేశాడు. అలాంటివాడిని అలీ మనీలా ముందు గొరిల్లా అని వెక్కిరించాడు, చేతిలో బొమ్మ పట్టుకుని మరీ. అలీ గొప్పవాడే, కాదనను. అది మాత్రం క్షమించరాని పని. 14 రౌండ్లయ్యేసరికి ఫ్రేజియర్‌కి కళ్లు మూసుకుపోయాయి, ఎదర చెయ్యి కనబడటం లేదు. అయినా లేస్తానన్నాడు. గురువు ఎడీ ఫచ్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేశాడు, 15వ రౌండుకి పంపలేదు. "ఓడించింది గురువయ్యా" అన్నాడు హోటల్లో ఒకాయన. "ఆ గురువు లేకపోతే శవాన్ని మోసేవాళ్లు" అన్నాడు మావయ్య.

బాక్సింగ్ మాకు కబురుగానే వచ్చింది గాని, కొట్లాట మాత్రం తెర మీద చూశాం. ఎండాకాలం పంటలయ్యాక డేరా సినిమా వచ్చేది. నేల, బెంచి, కుర్చీ. ఆట మొదలవుతుందనగా ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మైకులో వేసేవాళ్లు, అది వినబడగానే అన్నం సగంలో వదిలేసి పరుగు. ఒకటే మిషను కావడంతో రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్. నర్తనశాల వచ్చినప్పుడు ఊరు ఊరంతా అక్కడే. 1963 నాటి సినిమా, మా దాకా వచ్చేసరికి తెర మీద వాన కురుస్తోంది. అందులో భీముడు దండమూడి రాజగోపాల్. నిజంగా బరువులెత్తే మనిషి, జాతీయ చాంపియన్, మన కృష్ణా జిల్లావాడు. బెజవాడ ఇండోర్ స్టేడియానికి ఇప్పటికీ ఆయన పేరే. ఎదర కీచకుడు ఎస్వీ రంగారావు. మావయ్యకి ఆ యుద్ధం నచ్చలేదు. "కాళ్లు చూడండ్రా, కాళ్లు కదలట్లా" అని నేల మీదనుంచి అరుస్తుంటే, పక్కవాళ్లు నోర్ముయ్యమన్నారు. నాకు మాత్రం దండమూడి మెడ చూస్తుంటే చాలనిపించింది. అంత మెడ ఉన్నవాడికి కాళ్లు కదపాల్సిన పనేముంది.

చదువుకి బెజవాడ వెళ్లాక అసలైన బాక్సింగ్ సినిమాలు దొరికాయి. అక్కడ ఇంగ్లీషు సినిమా అంటే లీలామహల్, నవరంగ్. అమెరికాలో ఆడిన ఎన్నో ఏళ్లకి గాని వచ్చేవి కావు. రాకీ నేను చూసింది అలా ఆలస్యంగానే. స్టాలోన్ 1975లో చక్ వెప్నర్ అనే ఊరూపేరూ లేని బాక్సర్ అలీ ముందు చివరి రౌండు దాకా నిలబడటం చూసి, ఆ ఊపులో కథ రాసేశాడు. వెప్నర్ ఇంకో 19 సెకన్లు ఆగి ఉంటే 15 రౌండ్లూ పూర్తయ్యేవి. నెల తిరక్కుండా షూటింగ్ ముగించిన చిన్న సినిమా, ఆస్కార్ కొట్టింది. హీరో కబేళాలో వేలాడే మాంసం మీద గుద్దులు గుద్దే సీను రాగానే హాల్లో గభాలున లేచి నిలబడ్డాను. అది ఫ్రేజియర్ కథ! చావిట్లో విన్నదే! వెనకాయన కూర్చోమన్నాడు. ఫ్రేజియర్ కూడా ఆ సినిమాలో కాసేపు కనిపిస్తాడు, చక్కటి సూటు వేసుకుని. నాకైతే ఆ కాసేపే సినిమా.

రేజింగ్ బుల్ గురించి జనం చెప్పే గొప్పలన్నీ నిజమే. డి నీరో ఒళ్లు పెంచి, ఆ బాక్సర్ జేక్ లమోటాని అంత అసహ్యంగా, అంత జాలిగా చెయ్యడం మరొకరికి సాధ్యం కాదు. అయితే ఒకసారి చూసి మళ్లీ చూడలేదు. మా వైపువాళ్లకి ఆ నలుపు తెలుపుల్లో నర్తనశాల చాలు.

1980 మొదట్లో అలీ నిజంగానే మన దేశం వచ్చాడు. మద్రాసు నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ పందెం. అప్పుడు ముఖ్యమంత్రి ఎంజీఆర్. ఢిల్లీలో మన కౌర్ సింగ్‌తో నాలుగు రౌండ్లు ఆడాడు. ఇక్కడ ఉండగానే, మాస్కో ఒలింపిక్స్‌ని బహిష్కరించమని ఆఫ్రికా దేశాలకి చెప్పి రమ్మని అమెరికా అధ్యక్షుడు కార్టర్ కబురు పెడితే ఇటునుంచి ఇటే వెళ్లిపోయాడు. బెజవాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు. మావయ్య వెళ్లలేదు. మిరప కోతలు. కూలీలు దొరకడమే గగనమైన రోజులు. "ఎగ్జిబిషన్‌లో ఎవరూ గట్టిగా కొట్టరు, దానికి అంత ఛార్జీ ఎందుకు" అన్నాడు గాని, పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి ట్రంకు పెట్టె మూత లోపల అంటించాడు.

కౌర్ సింగ్ 1982 ఢిల్లీ ఆసియాడ్‌లో హెవీవెయిట్ బంగారు పతకం తెచ్చాడు. పంజాబ్‌లో సొంత ఊరికి పోయి వ్యవసాయం చేసుకున్నాడు. చివరికాలంలో గుండె జబ్బుకి అప్పులు చెయ్యాల్సి వచ్చిందని పేపర్లు రాశాక గాని ఎవరికీ గుర్తు రాలేదు. 2023లో పోయాడు. అలీతో తలపడిన మనవాడు, పొలం పనులు చేసుకున్న మనిషి. మన హిందీ, తెలుగు సినిమాలవాళ్లకి ఈ కథ కనపడలేదు, పంజాబీలో మాత్రం తీశారు.

మావయ్య మొదటిసారి అలీని కదులుతుండగా చూసింది 1996 జులైలో, అట్లాంటా ఒలింపిక్స్ ప్రారంభం రోజున. మా తమ్ముడు కొన్న కలర్ టీవీలో. మనకి పొద్దున. జ్యోతి పట్టుకుని అలీ వచ్చాడు, వణుకుతూ. పార్కిన్సన్ అప్పటికే పదేళ్ల పైబడిన జబ్బు. తమ్ముడు "మావయ్యా, మీ అలీ" అన్నాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూసి, "వాడు కాదు" అన్నాడు. "ఎవర్నో పట్టుకొచ్చారు." ఎంత చెప్పినా వినలేదు. పొలం వెళ్లిపోయాడు. మర్నాడు పేపర్ వచ్చింది. మొదటి పేజీలో ఫోటో, కింద పేరు. వరండాలో కూర్చుని ఆ ఐటమ్ మొదటినుంచి చివరిదాకా పైకి చదువుకున్నాడు, రెండుసార్లు. అప్పుడు ఒప్పుకున్నాడు.

ఆయన పోయిన కొన్నేళ్లకి కిన్షాసా పందెం మొత్తం నేను ఫోన్లో చూశాను. మావయ్య చెప్పింది చాలావరకు సరే. తాళ్లు, దెప్పుళ్లు, చివరి కుడిచెయ్యి, అన్నీ. ఫోర్‌మన్ గడ్డిలో పడ్డట్టు పడలేదు, నడుం దగ్గర మడిచినట్టయ్యి నెమ్మదిగా ఒరిగాడు. పడుతున్నవాడి మీద ఇంకో దెబ్బ వెయ్యడానికి అలీ చెయ్యి ఎత్తి కూడా ఆగిపోయాడు. నాలుగు లైన్ల వార్తలో ఆ సంగతి రాయలేదు కాబోలు, మావయ్యకి తెలిసి ఉంటే దాని మీద ఒక రాత్రంతా చెప్పేవాడు. వాన మాత్రం లేదు. అది పందెం అయిపోయాక, జనం ఇళ్లకి పోయే వేళ కురిసిందట, బట్టలు మార్చుకునే గదులు కూడా మునిగేంతగా. ఆయన దాన్ని గంటో అరగంటో ముందుకి జరిపి ఎనిమిదో రౌండులో పెట్టాడు. సరైన చోటే పెట్టాడని నా అభిప్రాయం.

ఇప్పుడు బాక్సింగ్‌లో తెలుగువాళ్ల పేరు వినపడేది ఎక్కువగా ఆడపిల్లల వల్లే. విశాఖ అమ్మాయి ఉష 2008 ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023ల్లో వరసగా ప్రపంచ చాంపియన్. మా మావయ్య ఉంటే నిఖత్ కాళ్ల కదలిక మీదే గంట చెప్పేవాడు. తెలుగులో బాక్సింగ్, ఆ కోవ సినిమాల సంగతి వేరు. అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయిలో రవితేజ, గురులో వెంకటేశ్, గనిలో వరుణ్ తేజ్. లైగర్‌లోనైతే టైసన్‌నే పట్టుకొచ్చారు, పట్టుకొచ్చి ఏం చెయ్యాలో తెలియక వదిలేశారు. వీటిలో నాకు నచ్చింది గురు ఒక్కటే. అందులో తాళ్ల మధ్య ఉన్నది అమ్మాయి కావడం ఒక కారణం. మిగతావాటిలో చివర ఏమవుతుందో టిక్కెట్టు కొనేటప్పుడే తెలుస్తుంది. మన హీరో ఓడిపోకూడదు. ఇది నిర్మాతల భయమని అంతా అంటారు. నేను నమ్మను, ఎందుకంటే రాకీని మా ఊరి జనంతో కలిసి చూశాను.

అది వీడియో డెక్కులు వచ్చిన కొత్త. తిరువూరు నుంచి ఒకతను టీవీ, డెక్కు, జనరేటర్ ఎడ్లబండి మీద తెచ్చి, మనిషికి రూపాయి చొప్పున తీసుకుని ఆడించేవాడు. ముందు తెలుగు సినిమా, అర్ధరాత్రి దాటాక ఏదో ఒక ఇంగ్లీషుది. సెలవులకి ఊళ్లో ఉన్న నేను పోరు పెట్టి రాకీ క్యాసెట్ తెప్పించాను. డైలాగులు ఎవరికీ తెలియవు. మావయ్య టీవీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, తెర వైపు సగం, జనం వైపు సగం తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. హీరో ఆ పిల్లతో మంచు మీద నడుస్తూ ఏదో మాట్లాడితే, "మీ నాన్నని ఎప్పుడు అడగమంటావు అంటన్నాడు" అన్నాడు. ఆ పిల్లకి నాన్న లేడని నాకు తెలుసు, ఊరుకున్నాను. పందెం మొదలయ్యాక స్టూలు తన్నేసి లేచాడు. జనం లేచారు. ఆడవాళ్లు వెనకనుంచి "కొట్టు, కొట్టు" అంటున్నారు. 15 రౌండ్లయ్యాయి. ఇద్దరూ నిలబడే ఉన్నారు. హీరో ఆ పిల్ల పేరు పెట్టి గావుకేకలు పెడుతున్నాడు. గెలిచింది అవతలివాడని ఎక్కడో మైకులో చెప్పేశారు. తెర నల్లబడింది.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. మావయ్యే చెప్పాల్సి వచ్చింది, పాయింట్ల మీద మనోడు ఓడిపోయాడని. గొడవ మొదలైంది. చివరి ముక్క కత్తిరించాడన్నారు. కరెంటు ఖర్చు కలిసొస్తుందని ముందే ఆపేశాడన్నారు. జనరేటరుకి కరెంటు ఖర్చేమిటని అతను మొత్తుకున్నాడు. రూపాయి వెనక్కి ఇమ్మన్నారు. మావయ్య మధ్యలోకొచ్చి, నిలబడి ఓడటం కూడా ఒక రకమైన గెలుపే అని చెప్పబోయాడు. "నువ్వూరుకో మిలట్రీ, నువ్వు చెప్పేదంతా ఓడినవాళ్ల కథే" అని ఆయన్నే కసిరారు. చివరికి నేనే డెక్కు యజమానిని పక్కకి పిలిచి, దీనికి రెండో భాగం ఉందనీ, అందులో గెలుస్తాడనీ చెప్పాను. అతను బెజవాడ మనిషిని పంపి, పై వారం ఆ క్యాసెట్ తెప్పించాడు. ఈసారి తలకి రూపాయిన్నర. రాకీ గెలిచాడు. మా వీధి చివరి ముసలమ్మ ఒకావిడ మాత్రం ఇంటికి పోతూ అంటోంది, మొన్న అంత గొడవ చెయ్యబట్టే గదా ఇవాళ గెలిపించారు అని.